దారి గుర్తుండకపోవడం మతిమరుపేనా?

“ఎన్నిసార్లు వెళ్లిన చోటైనా నేను దారి తప్పుతాను. మా తమ్ముడికి ఒక్కసారి చూస్తే చాలు. నా జ్ఞాపకశక్తి తక్కువా, లేక మెదడే అంతేనా?” అని అడిగారు.

జ్ఞాపకశక్తిని అనవసరంగా తిట్టుకోకండి. నేను చూసినంతలో, దారి తప్పేవాళ్లకి దారంతా బాగానే గుర్తుంటుంది. మలుపులో మూతపడ్డ సినిమా హాలు గుర్తుంటుంది, దాని గోడకి పెచ్చులూడిన చోటు కూడా గుర్తుంటుంది. అక్కడి నుంచి ఎటు తిరగాలన్నదే తేలదు. అది దిక్కుతో వచ్చే గొడవ. దిక్కు సంగతి చూసుకోవడానికి మెదడులో వేరే కణాలున్నాయి.

ఈ విషయం ఎవరు రాసినా మెదడు శాస్త్రవేత్త జాన్ ఓకీఫ్‌తోనే మొదలుపెడతారు. ఎలుక ఫలానా చోటికి రాగానే స్పందించే కణాలు హిప్పోక్యాంపస్‌లో, అంటే మెదడులో జ్ఞాపకాలకీ దారులకీ పనికొచ్చే భాగంలో, ఉన్నాయని ఆయన, జోనథన్ డోస్ట్రోవ్‌స్కీ కలిసి 1971లో ప్రకటించారు. నేలంతా షడ్భుజాల గళ్లు పరిచినట్టు స్పందించే కణాల్ని 2005లో మోసర్ దంపతుల బృందం ఆ పక్క భాగంలో చూపించింది. 2014లో ఓకీఫ్‌కీ ఆ దంపతులకీ కలిపి నోబెల్ ఇచ్చారు. సంతోషమే. కానీ 1984లో జేమ్స్ ర్యాంక్ బయటపెట్టిన కణాల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, అదే నా బాధ. ఎలుక ఎక్కడ నిలబడిందో వీటికి అక్కర్లేదు. తల ఎటు తిరిగి ఉందన్నదే కావాలి. ఒక్కో కణానిది ఒక్కో వైపు. గుర్తుగా గోడకి అంటించిన అట్టని 90 డిగ్రీలు పక్కకి జరిపితే, ఇవన్నీ తమ తమ వైపుల్ని కలిసికట్టుగా దాదాపు అంతే తిప్పుకుంటాయి. ఒకటి అటూ ఒకటి ఇటూ పోవు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అచ్చం ఇదే నేను అనుభవించాను. ఉద్యోగం పని మీద రాత్రి రైల్లో ఒక కొత్త ఊరికి వెళ్లాను. నేను నిద్రలో ఉండగా ఏదో జంక్షన్లో ఇంజన్ తీసి రెండో చివర తగిలించారు. చీకట్లోనే దిగి గదికి చేరాను. పొద్దున కిటికీ తెరిస్తే సూర్యుడు పడమట లేస్తున్నాడు! అది తూర్పేనని తెలుసు. కాగితం మీద బొమ్మ కూడా గీసుకున్నాను. లోపల ఒప్పుకుంటేగా! అక్కడున్నన్నాళ్లూ ఉత్తరాన ఉన్న ఆఫీసుకి దక్షిణంగా నడుస్తున్నట్టే ఉండేది.

అసలు వింత ఒక ఆదివారం జరిగింది. పక్క ఊరు వెళ్లి సాయంత్రం బస్సులో తిరిగొస్తున్నాను. అక్కడ దిక్కులన్నీ సవ్యంగానే ఉన్నాయి. బస్సు ఉత్తరానికి పోతోంది, పడమటి ఎండ ఎడమ చెంప మీద పడుతోంది. స్టేషన్ రోడ్డు మలుపు కనపడిందో లేదో, రోడ్డు, దుకాణాలు, దీపస్తంభాలు అన్నీ ఒక్కటిగా సగం చుట్టు తిరిగి ఆగాయి. కడుపులో దేవినట్టయింది. ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. ఎండ ఎడమ చెంప మీదే ఉంది, కానీ ఇప్పుడది నాకు తూర్పు ఎండ.

2009లో యాన్ సౌమన్ బృందం మనుషుల్ని తెలియని అడవిలో నడిపించి చూసింది. ఎండ ఉన్నప్పుడు తిన్నగానే నడిచారు. మబ్బు పట్టినప్పుడు మాత్రం తెలియకుండానే చుట్టు తిరిగి, తాము నడిచిన దారికే అడ్డంగా వచ్చారు. వాళ్లకి సూర్యుడైనా పనికొచ్చాడు, నాకు అదీ లేదు.

ఇక మీ తమ్ముడి సంగతి. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్స్ కోసం దాదాపు 25,000 వీధులు నేర్చుకోవాలి. వాళ్ల హిప్పోక్యాంపస్ వెనక భాగం మిగతావాళ్ల కంటే పెద్దదిగా ఉందని ఎలినర్ మగ్వైర్ 2000లో చూపించారు. ఒకే రూట్లో తిరిగే బస్సు డ్రైవర్లతో పోల్చినా తేడా కనిపించింది. 2011లో శిక్షణకి ముందూ తర్వాతా స్కాన్ తీస్తే, పరీక్ష నెగ్గినవాళ్లలోనే ఆ భాగం పెరిగింది. అంటే అంతా పుట్టుకతో రాసిపెట్టింది కాదు, ఎంతో కొంత సాధన కూడా ఉంది. “200 మీటర్లలో కుడికి తిరగండి” అని ఫోన్ చెప్తే తిరిగేవాళ్లంతా బస్సు డ్రైవర్ల జాబితాలోకే వస్తారని నా గట్టి నమ్మకం. మనం తిరిగినప్పుడల్లా తనూ తిరిగే ఆ మ్యాప్ ఇంకా ఘోరం. సెట్టింగ్స్‌లో ఉత్తరం పైకి ఉండేలా పెట్టుకోండి, మొదట్లో చిరాకేసినా మార్చకండి. కొత్త చోట దిగగానే, అడుగు వేయకముందే ఉత్తరం ఎటో తేల్చుకోండి. మొదటి నిమిషంలో తప్పు కుదిరిందంటే దాన్ని కదిలించడం ఎంత కష్టమో పైన చెప్పాను.

పెద్ద భవనాల్లో ఎర్ర చుక్క పెట్టి “మీరు ఇక్కడ ఉన్నారు” అని తగిలించే బోర్డులున్నాయి చూశారూ, వాటి మీద నాకు పట్టరాని కోపం. పటంలో పైన ఉన్నది మన ఎదురుగా ఉండాలి కదా. ఒకే పటం అచ్చేయించి నాలుగు గోడలకీ అదే కొడతారు. ఒక ఆసుపత్రిలో ఆ బోర్డు చూసి ఎక్స్‌రే గదికని బయల్దేరి, వంటగది వెనక తేలాను. అలాంటిది కనపడితే వదిలేసి ఎవరినైనా అడగండి. అడిగినప్పుడు మాత్రం వాళ్లని మీ పక్కకి వచ్చి నిలబడి చెప్పమనండి. ఎదురుగా నిలబడి “కుడివైపు” అంటే అది ఎవరి కుడో చెప్పేవాళ్లకే తెలీదు.