ఇల్లు అమ్మాలి... ఏజెంట్ ఆఫీసుకా, ఆన్‌లైన్‌కా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం లీడ్స్‌లో ఉంటాం. ఉద్యోగం మారడంతో వచ్చే నెల వేరే ఊరు వెళ్లిపోతున్నాం, ఈ ఇల్లు అమ్మేయాలి. 3 లక్షల పౌండ్లు పలుకుతుందట. హై స్ట్రీట్‌లో ఆఫీసున్న ఏజెంట్ 1.5 శాతం ప్లస్ వ్యాట్ అడుగుతున్నాడు. ఆన్‌లైన్ వాళ్లు వెయ్యి పౌండ్లు చాలంటున్నారు, కాకపోతే ముందే కట్టాలట. మావారు ఆన్‌లైనే అంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు లెక్క చూద్దాం. 1.5 శాతం అంటే 4,500, దాని మీద 20 శాతం వ్యాట్ 900, మొత్తం 5,400 పౌండ్లు. నాలుగు వేల పైన తేడా, కాబట్టి మీవారి మాట కొట్టిపారేసేది కాదు. పైగా ఇళ్ల ప్రకటనల వెబ్‌సైట్ రైట్‌మూవ్‌లో మనంతట మనం ఇల్లు పెట్టలేం, ఏజెంట్ ద్వారానే పెట్టాలి, ఆ పని ఇద్దరూ చేస్తారు. కొనేవాళ్లు చూసేది అక్కడే. ఆఫీసు అద్దాల్లో అంటించిన ఫొటోల కోసం ఐదు వేలు ఇవ్వక్కర్లేదు.

కానీ ఆ 5,400 ఇల్లు అమ్ముడుపోతేనే ఇస్తారు. ముందే కట్టిన వెయ్యి మాత్రం ఇల్లు అమ్ముడుపోకపోయినా తిరిగిరాదు. ‘తర్వాత కట్టండి’ అనే ప్యాకేజీ ఉంటే గడువు ఎప్పుడో, వాళ్లు చెప్పిన సొలిసిటర్‌నే (ఇంటి కాగితాలు చూసే లాయర్) పెట్టుకోవాలేమో చూడండి. ఆన్‌లైన్ కంపెనీలకూ గండాలు తప్పలేదు: 2018 డిసెంబరులో ఈమూవ్ చేతులెత్తేసింది, అంత పేరున్న పర్పుల్‌బ్రిక్స్ 2023లో ఒక్క పౌండుకు చేతులు మారింది.

అసలు పని మొదలయ్యేది ఆఫర్ ఒప్పుకున్నాక. ఇంగ్లండ్‌లో కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా (అంటే ఇరువైపులా సంతకం పెట్టిన ఒప్పందాలు మార్చుకునేదాకా) కొనేవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తగ్గొచ్చు, వాళ్ల ఇల్లు కొనేవాళ్లు, వాళ్ల వెనక ఇంకొకళ్లు, అలా చైన్‌లో ఎవరో ఒకరి మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఆగితే అందరూ ఆగిపోతారు. రోజూ ఫోన్లు చేసి సొలిసిటర్లను కదిలించే మనిషి ఒకడుండాలి, ఇల్లు అమ్మితేనే డబ్బొచ్చే వాడికి ఆ ఆరాటం కాస్త ఎక్కువే ఉంటుంది (అలా లేని మహానుభావులూ ఉన్నారనుకోండి). మీరేమో ఊళ్లో ఉండరు. చవక ప్యాకేజీల్లో చాలావరకు వ్యూయింగ్‌లు (కొనేవాళ్లకు ఇల్లు చూపించడం) మనమే చూసుకోవాలి. ప్రతి శనివారం తాళం తీయడానికి అంత దూరం నుంచి వస్తారా?

అందుకే మీ విషయంలో నా ఓటు ఆఫీసు ఏజెంట్‌కే, కానీ 1.5కి మాత్రం ఒప్పుకోకండి. బేరమాడండి. 1.2కి దిగితే వ్యాట్‌తో కలిపి 4,320. ఇంకో ఇద్దరిని కూడా పిలిచి ధర చెప్పించండి, అందరికంటే ఎక్కువ చెప్పినవాడిని చూసి మురిసిపోవద్దు, సంతకం అయ్యాక ‘కాస్త తగ్గిద్దాం’ అనేది తరచుగా వాళ్లే. కాంట్రాక్టులో ‘సోల్ ఏజెన్సీ’ (ఏజెంట్లలో అమ్మే హక్కు ఆ ఒక్కడికే) ఉంటే ఫర్వాలేదు. ‘సోల్ సెల్లింగ్ రైట్స్’ అని ఉంటే మాత్రం కొనేవాళ్లను మీరే వెతుక్కున్నా కమిషన్ కట్టాల్సిందే. ఎన్ని వారాలు కట్టుబడి ఉండాలో కూడా చదవండి. మీ ఇంట్లోనే కూర్చుని సంతకం పెడితే రద్దు చేసుకోవడానికి 14 రోజులుంటాయి.

అన్నట్టు, ఇంటి ఇంధన వాడకం ఎలా ఉందో చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్ (ఈపీసీ) పదేళ్లు చెల్లుతుంది. ఇల్లు కొన్నప్పటిది బీరువాలో ఉందేమో తీసి తేదీ చూడండి, గడువుంటే కొత్తది అక్కర్లేదు.