అచ్చయితే కథ దక్కినట్టేనా?

ప్రశ్న: అనాన్సీ అనే సాలీడు కథలు పుస్తకాలుగా చాలా దొరుకుతున్నాయి. అయినా ఆఫ్రికాలో, కరీబియన్ దీవులలో నోటితో చెప్పే పద్ధతినే కాపాడాలని ఎందుకు తపన పడుతున్నారు? అచ్చయ్యాక కథ భద్రంగా ఉన్నట్టే కదా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అచ్చులో కథాంశం భద్రంగానే ఉంటుంది. కానీ ఈ కథల పుట్టిల్లయిన ఘనాలో, అకాన్ ప్రజల మధ్య, కథకుడు చెబుతూ ఉండగా వింటున్నవారిలో ఎవరైనా అడ్డు తగిలి పాట ఎత్తుకోవచ్చు. తక్కినవారు చప్పట్లతో గొంతు కలుపుతారు. పాట ముగిశాకే కథకుడు మళ్లీ కథ అందుకుంటాడు. మ్బోగువో అనే ఈ పాటలు కథకు అలంకారాలు కావు, అందులో శ్రోతలకున్న వాటా. పుస్తకంలో ముందుగా రాలిపోయేది ఆ వాటాయే.

బానిసలుగా ఓడలెక్కించబడి సర్వస్వం కోల్పోయిన మనుషులతో పాటు అనాన్సీ అట్లాంటిక్ దాటి జమైకా చేరాడు. పులులే లేని ఆ దీవిలో ఆ చిన్న ప్రాణి నేటికీ పులిని బోల్తా కొట్టిస్తూనే ఉన్నాడు. తోటల యజమానుల కింద నలిగినవారికి ఆ గెలుపు ఎంత అవసరమో ఊహించవచ్చు. హైతీలో కథకుడు ‘క్రిక్?’ అని అడిగితే శ్రోతలు ‘క్రాక్!’ అని బదులిస్తారు, ఆ బదులుతోనే కథ మొదలవుతుంది. ఊఁ కొట్టేవారు లేకపోతే మన అమ్మమ్మల కథ సాగదు కదా, అలాంటిదే ఇదీ.

అచ్చును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1907లో వాల్టర్ జెకిల్ జమైకా కథలను వాటి పాటల స్వరాలతో సహా ప్రచురించకపోతే కొన్ని బాణీలు మనకు తెలిసేవే కావు. అయితే కథకు శ్రోతలను తిరిగి కూర్చిపెట్టిన వారి సేవ ఇంకా గొప్పదని నా అభిప్రాయం. ఘనాలో నాటకకర్త ఎఫువా సదర్లాండ్ 1960లలో ఎకుంఫీ అట్వియా అనే పల్లెలో, ఊరివారితో కలిసి, కథలు చెప్పుకోవడానికే కొద్జిదాన్ అనే మందిరం కట్టించారు. జమైకాలో లూయిస్ బెన్నెట్ (1919–2006), చదువుకున్నవారు చిన్నచూపు చూసిన పాట్వా భాషలోనే, వేదిక మీదా రేడియోలోనూ టెలివిజన్‌లోనూ ఆ కథలు చెప్పి, పిల్లలకు తమ ఇంటి మాట మీద గౌరవం కలిగించారు.

మీరు ఈ కథలను పిల్లలకు తెలుగులో చెప్పదలిస్తే, ఇవి ఎవరి కథలో, ఏ కష్టాల మీదుగా వచ్చాయో ముందే చెప్పండి. మధ్యలో పిల్లలు పాట ఎత్తుకుంటే మాత్రం ఆపకండి.