జొన్న ఆకుపై పసుపు పురుగుల గుంపు: ఎర్రనల్లి కాదు, సాలీడు పిల్లలు

ప్రశ్న: మిరప తోట చుట్టూ వేసిన జొన్నలో ఒక ఆకుకు దూది ఉండలాంటి గూడు, దాని పక్కన వందలాది సన్నని పసుపు పురుగులు కనిపించాయి. తాకితే చెదిరిపోయి మళ్లీ ఒకచోటికి చేరాయి. మరునాడు సగం కనిపించలేదు కానీ, మిరప కొనల మీద దారాలు ఉన్నాయి. ఇది ఎర్రనల్లి అయితే ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, నర్సంపేట మండలం, వరంగల్ జిల్లా

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి అవి గుండ్రని వల అల్లే సాలీడు పిల్లలు. వాటి కోసం ఏ మందూ కొట్టవద్దని గట్టిగా కోరుతున్నాను.

వల నడుమ తెల్లని దారంతో ఇంటూ గుర్తు అల్లి, తలకిందులుగా కూర్చునే పెద్ద సాలీడును మీరు చేలో చూసే ఉంటారు. అటువంటి ఆడ సాలీడు వందల గుడ్లు పెట్టి, వాటి చుట్టూ పట్టుదారంతో సంచి అల్లుతుంది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెంటనే బయటికి రావు; ఒంటిలో మిగిలిన పచ్చసొనతోనే బతుకుతూ, సంచి లోపలే తొలిసారి కుబుసం విడిచి, ఆ తరువాతే వెలుపలికి వచ్చి కొన్ని రోజులు సన్నని దారాల మీద గుంపుగా ఉంటాయి. కదిలిస్తే చెదిరి, ప్రమాదం తప్పాక మళ్లీ చేరడం ఈ దశలో వాటి సహజ ప్రవర్తన.

ఒకేచోట ఉండిపోతే ఆకలికి ఒకదానినొకటి తినేస్తాయి కనుక అవి విడిపోక తప్పదు. గాలి మెల్లగా వీచే పూట ఒక్కొక్క పిల్ల ఆకు కొనకు ఎక్కి, కాళ్ల మీద లేచి నిలబడి, పొట్ట చివరను పైకెత్తి సన్నని దారాలు వదులుతుంది. గాలి వాటిని లాగగానే దారంతో పాటు పిల్ల కూడా పైకి లేస్తుంది. గాలి ఉద్ధృతంగా ఉంటే ఈ ప్రయత్నం చేయవు. వాతావరణంలోని విద్యుత్ క్షేత్రం కూడా వాటిని పైకి లేపగలదని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో చూపారు. చాలా పిల్లలు దగ్గరి మొక్కల మీదే దిగుతాయి. కొన్ని మాత్రం చాలా దూరం పోతాయి. 1832లో డార్విన్ ప్రయాణించిన బీగిల్ నౌక తీరానికి సుమారు 60 మైళ్ల దూరంలో ఉండగా, దాని తాళ్ల మీద ఇటువంటి చిన్న సాలీళ్లు దిగాయి. మీ మిరప కొనల మీది దారాలు ఈ ప్రయాణపు ఆనవాళ్లే. వాటి వల్ల మొక్కకు ఏ హానీ లేదు.

నిర్ధారణకు భూతద్దంతో ఆకు అడుగు భాగం చూడండి. ఎర్రనల్లి అక్కడే గూడు అల్లి రసం పీలుస్తుంది, ఆకు మీద తెల్లని సన్నని చుక్కలు ఏర్పడతాయి. నల్లి ఒళ్లు ఒకే ముద్దగా ఉంటుంది. సాలీడుకు తలభాగం, పొట్ట వేర్వేరుగా, నడుము సన్నగా ఉంటాయి. మిరపలో ఆకులు కిందికి ముడుచుకుంటే తెల్లనల్లిని, పైకి ముడుచుకుంటే తామర పురుగును అనుమానించాలి.

సాలీళ్లు మీ తోటలో తామర పురుగును పూర్తిగా అదుపు చేస్తాయని నేను చెప్పను. వాటి వలల్లో తేనెటీగలు కూడా పడతాయి. అయినా రెక్కల పురుగులను, పచ్చదోమను, దోమలను అవి రోజూ పట్టి తింటాయి. పుట్టిన వందల్లో పెద్దవయ్యేవి కొన్నే కనుక వాటిని కాపాడుకోవడం ముఖ్యం. తామర పురుగు ఉనికిని గమనించడానికి నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి. మందు తప్పనిసరైతే సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం పురుగుమందులను మానండి; అవి సాలీళ్లను చంపడమే కాక నల్లి ఉద్ధృతిని పెంచుతాయి. ఆ జొన్నను కోయవలసి వస్తే, ఉదయం చల్లని వేళ గూడున్న ఆకును కొంత కాడతో సహా కత్తిరించి, పొలం గట్టు మీది పొదకు నీడలో కట్టండి.