స్వాట్ టీమ్‌తో వెళ్లే పారామెడిక్ కావాలంటే ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: ఇండియాలో 108లో పనిచేసి వచ్చాను. టెక్సస్‌లో ఈఎంటీ (అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే సిబ్బంది) లైసెన్సు తీసుకుని ఏడాదైంది. పోలీసుల స్వాట్ టీమ్‌తో (ప్రమాదకరమైన పనులకు పంపే ప్రత్యేక సాయుధ దళం) వెళ్లే టాక్టికల్ మెడిక్ అవ్వాలని ఉంది. తుపాకీ కాల్చడం రావాలా? ఏ కోర్సుతో మొదలుపెట్టాలి? ఇంట్లో వాళ్లు భయపడుతున్నారు, ఏం చెప్పాలి?

జవాబు:

తమ్ముడూ, నువ్వు వచ్చిన దారిలోనే నేనూ వచ్చాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా. మాది నల్గొండ జిల్లా. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో 108 మొదలైంది కదా, ఆ తర్వాత రెండేళ్లకు విజయవాడ హైవే మీద తిరిగే బండిలో ఈఎంటీగా చేరాను. పెళ్లై డాలస్ వచ్చాక ఆ సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లదన్నారు. మళ్లీ అ ఆలు దిద్దుకుని ఈఎంటీ, దాని మీద పారామెడిక్ (ఈఎంటీ కంటే పై మెట్టు). ఇప్పుడు అంబులెన్సు డ్యూటీ చేస్తూనే ఆరేళ్లుగా ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) స్వాట్ టీమ్‌కి మెడిక్‌గా వెళ్తున్నా. ఫోన్ మోగితే అర్ధరాత్రైనా బయల్దేరాలి.

తుపాకీ సంగతి ముందు చెప్పేస్తా, ఎవరైనా మొదట అడిగేది అదే. ఒక్కో డిపార్ట్‌మెంటుది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల పోలీసుకే పారామెడిక్ చదువు చెప్పిస్తారు, కొన్నిచోట్ల ఫైర్ డిపార్ట్‌మెంటు నుంచో అంబులెన్సు నుంచో మాలాంటివాళ్లను తీసుకుంటారు, కొన్ని టీములకు డాక్టరే వెంట వస్తాడు. పోలీసు హోదా ఇచ్చి ఆయుధం చేతికిచ్చే టీము అయితే మామూలుగా అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు మీద ఉంటే ఆ రకం టీముల చుట్టూ తిరిగి టైము పాడుచేసుకోకు. మా టీములో మెడిక్‌కి తుపాకీ ఇవ్వరు. కానీ తుపాకీలో గుళ్లు తీసి పక్కన పెట్టడం మాత్రం చీకట్లో, గ్లవ్స్ చేతులతో రావాలి. అదెందుకో నాకు దెబ్బ తగిలాకే తెలిసింది.

ట్రైనింగ్‌లో ఒక ఆఫీసరు తొడకు గాయమైనట్టు నటిస్తున్నాడు. ప్యాంటు లోపల ట్యూబు, పంపు నొక్కితే ఎర్రనీళ్లు చిమ్ముతాయి. నేను పోయి టోర్నికే, అంటే రక్తం ఆగేలా కడ్డీ తిప్పి బిగించే పట్టీ, వేశాను, కడ్డీ తిప్పాను, చిమ్మడం ఆగింది, లోలోపల మురిసిపోయాను. ఆయన నన్నెప్పుడూ చూడనట్టు చూసి, నడుముకున్న ట్రైనింగ్ పిస్టల్ తీసి నా పొట్ట మీద రెండు రంగుగుళ్లు కొట్టాడు. రక్తం బాగా పోయినవాడికి మెదడు సరిగా పనిచేయదు, ఎవరు మనవాళ్లో ఎవరు కాదో తెలియదు. మాట తేడాగా వస్తోందంటే తుపాకీ, కత్తి, రేడియో ముందే తీసి పక్కవాడి చేతికివ్వాలి. ఆ మచ్చలు వారం రోజులున్నాయి. మా ఆయన చూసి "దీనికి ఎంతిస్తారు?" అన్నాడు. విడిగా ఏమీ ఇవ్వరు, పిలిచిన గంటలకు లెక్క, అంతే.

నాకు అన్నిటికంటే కష్టమైంది ఆగడం నేర్చుకోవడం. సీన్ సేఫ్టీ అని మనమూ పుస్తకంలో చదువుకున్నాం. కానీ హైవే మీద జనం "మేడమ్, తొందరగా రండి" అని చెయ్యి పట్టుకుని లాగుతుంటే ఎవరికి గుర్తుంటుంది? మనిషి పడి ఉంటే పరుగెత్తడం ఒంట్లో ఇంకిపోయింది. మొదటిసారి ఖాళీ ఇంట్లో డ్రిల్ చేసినప్పుడు హాల్లో ఒకడు పడి కేకలు పెడుతున్నాడు. కుడివైపు గదిని మా టీము ఇంకా చూడలేదు. నేను రెండడుగులు వేశానో లేదో, ఎవరో నా బులెట్‌ప్రూఫ్ వెస్టు వెనకపట్టీ పట్టుకుని పిల్లిపిల్లను లాగినట్టు వెనక్కి లాగారు. "నువ్వు కూడా పడితే వాళ్లు ఇద్దరిని మోయాలి, మెడిక్ కూడా ఉండదు," అన్నాడు మా ట్రైనర్.

ఇక్కడ స్థలాన్ని మూడుగా చూస్తారు. గుళ్లు వస్తున్నచోటు హాట్ జోన్. అక్కడ వైద్యం దాదాపు లేనట్టే. గాయపడ్డవాణ్ణి గోడ చాటుకు లాగడం, కుదిరితే టోర్నికే. ప్రమాదం పక్కన ఉన్నా నేరుగా మీద లేనిచోటు వార్మ్ జోన్. మన పని చాలావరకు ఇక్కడే. రక్తం, తర్వాత శ్వాసమార్గం, తర్వాత ఛాతీ, తర్వాత మిగతావి. అంబులెన్సు నిలబడ్డచోటు కోల్డ్ జోన్, అది మనకు తెలిసిన లోకమే. చిక్కేమిటంటే గీతలు గీసి ఉండవు. ఒక తలుపు తెరుచుకుంటే వార్మ్ కాస్తా హాట్ అయిపోతుంది.

ఆగినంతసేపూ పని ఉంటుంది. బైనాక్యులర్‌లో పడి ఉన్నవాడి పొట్ట కదులుతోందా, కింద తడి పెరుగుతోందా చూస్తావు. స్పృహలో ఉంటే మైకులోనో ఫోన్లోనో "మోకాలికి పైన గట్టిగా కట్టుకో, పాక్కుంటూ ఎడమవైపు రా" అని చెప్తావు. చెయ్యి వేయకుండా పేషెంటును చూడడం 108లో నాకెప్పుడూ అవసరం పడలేదు.

మరి ఎంతసేపు ఆగాలి? ఈ ప్రశ్న మీదే ఈ రంగం రూపం మారింది. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిగినప్పుడు ఒక మాస్టారుకు గుళ్లు తగిలాయి. ఇక్కడొకరు రక్తం పోయి చనిపోతున్నారని బోర్డు మీద రాసి కిటికీలో పెట్టారు. సాయం చేరేసరికి మూడు గంటలైంది, ఆయన దక్కలేదు. అప్పటి పద్ధతి ప్రకారం పోలీసులు భవనమంతా వెతికి సరే అన్నాకే మెడిక్ లోపలికి. 2012లో కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో కాల్పుల తర్వాత సర్జన్లూ పోలీసులూ అదే రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో కూర్చుని 2013లో ఒక వరస చెప్పారు: కాల్చేవాణ్ణి ఆపు, రక్తం ఆపు, త్వరగా బయటికి తీసుకురా. అంతకుముందే వర్జీనియాలో ఆర్లింగ్టన్ కౌంటీ ఫైర్ డిపార్ట్‌మెంటు వాళ్లు మెడిక్‌కి వెస్టు తొడిగి, పోలీసు కాపలాతో వార్మ్ జోన్‌లోకి పంపడం మొదలుపెట్టారు. అయినా మన టెక్సస్‌లోనే 2022 మే 24న యువాల్డీ బడిలో పోలీసులు గది తలుపు దాటడానికి 77 నిమిషాలు పట్టింది. అందుకే మాకు ఆగమని ఎంత గట్టిగా చెప్తారో, కదలమన్నాక కదలకపోవడం అంత తప్పనీ చెప్తారు.

ఇక టోర్నికే. సూర్యాపేట దాటాక ఒక లారీ క్లీనర్ కాలు నలిగిపోయి దొరికాడు. కుర్రాడు, ఇరవై కూడా ఉండవు. అప్పట్లో మాకు చెప్పిన పాఠం ఒకటే: టోర్నికే ఆఖరి అస్త్రం, బిగిస్తే కాలు పోతుంది. నేను గుడ్డలు పెట్టి నొక్కుతూ కూర్చున్నాను. ఒకటి తడిసిపోతే దాని మీద ఇంకొకటి. ఆస్పత్రి గేటు దాకా వాళ్ల ఓనర్ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, తర్వాత లేడు. చాలా ఏళ్లకు ఇక్కడ క్లాసులో మిలటరీ డాక్టర్లు 1996లో రాసిన వ్యాసం గురించి చెప్పారు. వియత్నాం యుద్ధంలో ఆపగలిగి ఉండీ ఆపలేకపోయిన చావుల్లో ఎక్కువ భాగం కాళ్లూ చేతుల నుంచి రక్తం పోయినవేనని అందులో ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

కాబట్టి నువ్వు ముందుగా చేతికి అలవాటు చేసుకోవలసింది అదే. ప్రాక్టీసుకు ఒకటి విడిగా కొను, డ్యూటీ దాన్ని వాడకు, సాగిపోతుంది. కుడిచేత్తో ఎడమచేతికి, ఎడమచేత్తో కుడిచేతికి, పడుకుని, లైటు తీసేసి వెయ్. గాయం కనబడకపోతే చంకలోకి, గజ్జలోకి వీలైనంత పైకి. రక్తం ఆగి, కింద నాడి అందకుండా పోయేదాకా తిప్పాలి. సరిగా వేస్తే మనిషి నొప్పికి నిన్ను తిడతాడు. తిట్టకపోతే నాకు అనుమానం. వేసిన టైము రాయడం మర్చిపోకు, ఆస్పత్రిలో మొదట అడిగేది అదే.

2023 మే 6న డాలస్ దగ్గర అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది పోయారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ నెలలో తెలిసినవాళ్లు అడిగితే ఒక హాల్లో రక్తం ఆపే క్లాసు పెట్టాను. స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలు ఆడుకునే ఫోము గొట్టాలకు రంధ్రాలు చేసి, గాజుగుడ్డ కుక్కడం నేర్పాను. ఒక పెద్దావిడ "చున్నీతో కట్టొచ్చా అమ్మా?" అంది. చున్నీ ఊరికే ముడేస్తే ఆగదు పిన్నీ, గాయంలోకి కుక్కి మోకాలు వేసి బరువంతా మోపండి అన్నాను. ఆవిడ నిజంగానే మోకాలు వేసి చూపించింది, క్లాసులో అందరికంటే బాగా.

స్వాట్ పనిలో గాయాలు తక్కువ, విసుగు ఎక్కువ. వెళ్లేముందు దగ్గరి ట్రామా ఆస్పత్రి ఏది, హెలికాప్టర్ ఎక్కడ దిగుతుంది, టీములో ఎవరికి ఏ మందు పడదు, ఇంట్లో పిల్లలూ ముసలివాళ్లూ ఉన్నారా, కుక్క ఉందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కమాండర్‌కి ఇవ్వాలి. కాల్పుల్లో పడ్డవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మోకాళ్లు, మడమలు, కళ్లలో గ్యాసు, పోలీసు కుక్క కరిచిన దొంగ... ఇవి చూశాను.

నా పెద్ద కేసు చెప్తా విను. ఆగస్టు నెల, బయట నలభై డిగ్రీలు, ఒకాయన ఇంట్లో తలుపేసుకుని తొమ్మిది గంటలు రానన్నాడు. మావాళ్ల ఒంటి మీద హెల్మెట్టు, వెస్టు, అన్నీ కలిపి ఒక్కొక్కరికి ఇరవై కిలోల దాకా ఉంటుంది. నీళ్లు తాగించడం, మనుషుల్ని మార్పించడం నా పని. ఒకతను పేరు అడిగితే తడబడ్డాడు. వెస్టు కోసి తీశాం, ఒళ్లు కాలిపోతోంది. టార్పాలిన్ పరిచి, నలుగురు నాలుగు మూలలు ఎత్తి పట్టుకుంటే తొట్టిలా అయింది. అందులో అతన్ని పడుకోబెట్టి ఐసూ నీళ్లూ పోసి అటూ ఇటూ ఊపాం. అంబులెన్సు సిద్ధంగా ఉన్నా ముందు ఒళ్లు చల్లారాకే ఎక్కించాం. ఎండదెబ్బకు వరస అదే. లోపలున్నాయన చివరికి తనే బయటికొచ్చి మంచినీళ్లు అడిగాడు. బేడీలు వేశాక ఆయన బీపీ కూడా నేనే చూశాను. ఆయనా పేషెంటే, అందులో రెండోమాట లేదు.

కోర్సులకు వద్దాం. ముందు పారామెడిక్ పూర్తి చెయ్, రెండు మూడేళ్లు బిజీ అంబులెన్సులో నలుగు. ఈలోగా టీఈసీసీ (టాక్టికల్ ఎమర్జెన్సీ క్యాజువల్టీ కేర్) కోర్సు చేసుకో, రెండు రోజులు, పదహారు గంటలు. యుద్ధంలో గాయపడ్డవాళ్లకు చేసే వైద్యం నేర్పే మిలటరీ వాళ్ల టీసీసీసీ కోర్సును మామూలు జనానికి, అంటే పిల్లలకూ గర్భిణులకూ ముసలివాళ్లకూ సరిపోయేలా మార్చింది. తర్వాత టీమువాళ్లే బేసిక్ స్వాట్ స్కూలుకు పంపుతారు. టాక్టికల్ పారామెడిక్ సర్టిఫికెట్ పరీక్ష అనుభవం వచ్చాక రాయి, ముందే రాస్తే కాగితం మిగులుతుంది. ఫిట్‌నెస్ టెస్టుకు భయపడకు. నేను యాభై ఎనిమిది కిలోలు. వంద కిలోల ఆఫీసర్ని వెస్టుతో సహా లాగగలుగుతున్నానంటే అది భుజబలంతో కాదు, పట్టీ నడుముకు తగిలించి వెనక్కి వాలి కాళ్లతో లాగితే వస్తాడు.

ఇంట్లో ఏం చెప్పాలంటావా? మా అమ్మకు "పోలీసోళ్లకు ఎండదెబ్బ తగలకుండా చూసే ఉద్యోగం" అని చెప్పాను. ఆరేళ్లయినా ఆ మాట మార్చి చెప్పాల్సిన పని పడలేదు. ఈ మధ్య ఫోన్ చేసినప్పుడల్లా "వాళ్లకు మజ్జిగ ఇస్తున్నావా లేదా?" అని అడుగుతోంది.