గర్భనిరోధక ఇంజెక్షన్ మానేశాక గర్భం ఆలస్యమవుతోందా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. బాబుకు నాలుగో ఏడు. కాన్పుల మధ్య ఎడం కోసం ఆశా కార్యకర్త సలహాతో పీహెచ్‌సీలో ‘అంతర’ ఇంజెక్షన్లు వేయించుకున్నాను. చివరిది వేయించుకుని ఎనిమిది నెలలైంది. ఆగిపోయిన నెలసరి ఈమధ్యే మళ్లీ మొదలైంది గానీ, తేదీలు నిలకడగా లేవు. మా తోటికోడలు మాత్రలు మానేసిన రెండో నెలలోనే నెల తప్పింది. సూదుల వల్లే నా గర్భసంచి పాడైందని మా అత్తయ్య అంటున్నారు. నిజమేనా?
- ఓ సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: ఈ ఇంజెక్షన్ వల్ల గర్భసంచి గానీ అండాశయాలు గానీ పాడవవు. గర్భం రావడం ఆలస్యమవుతుందన్నది మాత్రం నిజం. ఆ సంగతి మొదటి సూదికి ముందే మీకు వివరంగా చెప్పి ఉండాల్సింది. ‘అంతర’లోని మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అసిటేట్ అనే హార్మోను కండరంలో నిల్వ ఉండి, కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తూ అండం విడుదల కాకుండా ఆపుతుంది. మూడు నెలల వరకు రక్షణ ఖాయంగా ఉండేలా 150 మిల్లీగ్రాముల మోతాదును నిర్ణయించారు కాబట్టి, ఆ గడువు దాటాక కూడా చాలామందిలో మందు ప్రభావం మరికొన్ని నెలలు మిగిలే ఉంటుంది. రోజూ మింగే మాత్రల హార్మోన్లయితే కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి పోతాయి. అందుకే మీ తోటికోడలితో పోల్చుకుని దిగులు పడకండి.

ఈ ఇంజెక్షన్ మానేసి గర్భం దాల్చినవారిని పరిశీలించినప్పుడు, చివరి సూది నుంచి లెక్కిస్తే సగం మందికి దాదాపు 10 నెలల్లోపు, 93 శాతం మందికి 18 నెలల్లోపు గర్భం నిలిచినట్లు తేలింది. ఎన్ని సూదులు వేయించుకున్నారన్న దానితో ఈ ఆలస్యానికి సంబంధం లేదు. మీకింకా ఎనిమిది నెలలే అయింది, పైగా నెలసరి తిరిగి మొదలైంది. ఇది మంచి సూచన.

తేదీలు కుదురుకోనంత కాలం, నెలసరి మొదలైన 14వ రోజుకు అండం విడుదలవుతుందన్న లెక్క పనికిరాదు కనుక, నెలంతా రెండు మూడు రోజులకోసారి కలవడమే మేలు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే వేసుకోండి. గర్భసంచి కడిగిస్తే గర్భం నిలుస్తుందని ఎవరైనా చెబితే దయచేసి ఒప్పుకోకండి; అవసరం లేకుండా అలా చేయిస్తే లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రమాదం ఉంది.

నెలసరి మళ్లీ మూడు నెలలు ఆగిపోయినా, 35 రోజులు దాటి రావడమే అలవాటైనా ముందు మూత్ర పరీక్షతో గర్భం లేదని నిర్ధారించుకుని, గైనకాలజిస్టును కలిస్తే థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు, స్కానింగ్ చేయిస్తారు. అండాశయాల్లో నీటి బుడగల సమస్య ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఇవేవీ లేకపోతే, చివరి సూది గడువు తీరిన నాటి నుంచి ఏడాది వరకు ఆగవచ్చు. 35 ఏళ్లు దాటినవారు మాత్రం ఆరు నెలలకు మించి ఆగకూడదు.

పరీక్షల దాకా వస్తే మీవారికి కూడా వీర్య పరీక్ష చేయించాలి. బాబు పుట్టాడు కదా, ఆయనకు అవసరం లేదని ఇంట్లో అనవచ్చు. ఈ నాలుగేళ్లలో ఆయన ఆరోగ్యంలోనూ మార్పు వచ్చి ఉండవచ్చు, పైగా ఆ పరీక్ష నొప్పి లేనిది, ఖర్చు కూడా తక్కువ. నమూనా ఇవ్వడానికి ముందు కనీసం రెండు రోజులు, గరిష్ఠంగా ఏడు రోజులు కలయికకు దూరంగా ఉంటే చాలు.