కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వర్ గడియారం తప్పుతుంటే ముందు చూడవలసినది

తణుకు దగ్గరి రైస్ మిల్లులో కాటా రసీదులు ఇచ్చే మీ డెబియన్ (ఒక రకం లినక్స్) సర్వర్‌లో, నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చి గడియారాన్ని దిద్దే క్రోనీ ప్రోగ్రాము నడుస్తూనే ఉన్నా, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఒక్కోసారి ఒక్కో తేడాతో లేస్తోందనీ, టైమ్ సర్వర్ల పేర్లు ఎన్ని మార్చినా గడియారం స్థితి చూపే టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంలో సింక్రనైజ్డ్ అన్నచోట ‘నో’ అనే కనిపిస్తోందనీ మీరు రాశారు. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతలను నమోదు చేసే సర్వర్‌ను నేను చూసుకుంటాను. అక్కడ ఇదే ఇబ్బంది వచ్చి వెదికినప్పుడు, ఒకదాని చాటున ఒకటి దాగిన రెండు లోపాలు బయటపడ్డాయి. మీ దగ్గరా అదే జరుగుతోందని నా అనుమానం.

తేడా ప్రతిసారీ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలే అయితే, అది మదర్‌బోర్డు గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉందా, మన స్థానిక కాలంలో ఉందా అన్న గొడవ. మీది అలా లేదు కనుక దాన్ని వదిలేద్దాం.

సర్వీసు ‘యాక్టివ్’ అని చూపినంత మాత్రాన సమయం అందుతున్నట్లు కాదు. క్రోనీసీ సోర్సెస్ అనే ఆదేశం ఇచ్చి, సర్వర్ పేరుకు ముందున్న గుర్తునూ, రీచ్ అనే నిలువు వరుసనూ చూడండి. నక్షత్రం ఉంటే ఆ సర్వర్‌ను క్రోనీ ఎంచుకుందని అర్థం. మీకు అన్నిటి ముందూ ప్రశ్నార్థకాలు, రీచ్ కింద సున్నాలు కనిపిస్తాయనుకుంటున్నాను. చివరి ఎనిమిది ప్రశ్నలలో వేటికి జవాబు వచ్చిందో ఎనిమిది బిట్లలో గుర్తుంచుకుని, దానినే ఆక్టల్ సంఖ్యగా (0 నుంచి 7 దాకా అంకెలే వాడే లెక్కలో) చూపడమే రీచ్ చేసే పని. అందుకే దారి తెరుచుకున్నాక అది 1, 3, 7, 17, 37, 77, 177 అంటూ పెరిగి 377 దగ్గర నిలుస్తుంది. 376 కనిపిస్తే ఆఖరి ప్రశ్న ఒక్కదానికే జవాబు రాలేదన్నమాట. అన్ని సర్వర్లకూ సున్నాయే ఉంటే ఒక్క జవాబు కూడా మీ దాకా చేరడం లేదు కాబట్టి, పేర్లు మారుస్తూ కూర్చోవడం వృథా.

అప్పుడు, నెట్‌వర్క్‌లో వచ్చేపోయే సందేశాలను చూపే టీసీపీడంప్‌తో, సమయం ప్రశ్నలూ జవాబులూ నడిచే యూడీపీ 123 పోర్టును గమనించాలి. మా ప్లాంటులో ప్రశ్నలు బయటికి వెళ్తున్నాయి, జవాబులు మాత్రం రావడం లేదు. కాసేపు ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూస్తే అవే సర్వర్లు వెంటనే పలికాయి కనుక, లోపం సర్వర్‌లో లేదని తేలిపోయింది. కారణం, మా ఇంటర్నెట్ లైనుకు ముందున్న ఫైర్‌వాల్‌లో డీఎన్‌ఎస్‌కూ (సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చేది) వెబ్‌కూ తప్ప మరి దేనికీ అనుమతి లేకపోవడమే. బ్రౌజర్ చక్కగా పనిచేస్తున్నందున ఎవరికీ అనుమానం రాలేదు. బయటికి వెళ్లే యూడీపీ 123కు అనుమతి ఇవ్వగానే నక్షత్రం వచ్చింది. మీ దగ్గర ఫైర్‌వాల్ లేకుంటే రూటర్‌నూ, ఆ తర్వాత లైను ఇచ్చినవారినీ అడగవలసి ఉంటుంది.

ఇక రెండో లోపం. సర్వర్‌ను మామూలుగా రీబూట్ చేస్తే గడియారం బాగానే ఉండి, కరెంటు పూర్తిగా పోయినప్పుడే తప్పుతోందంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్లును అనుమానించాలి. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, సర్వర్ ఆపేసి ఉన్నా, స్టాండ్‌బై విద్యుత్తే ఆ గడియారాన్ని నడుపుతుంది కనుక సెల్లు చచ్చినా బయటపడదు. సర్వర్‌ను ఆపి, ప్లగ్గు పీకి, పావుగంట ఆగి, మళ్లీ పెట్టి, లినక్స్ మొదలవక ముందు వచ్చే సెట్టింగుల తెర బయోస్‌లో సమయం చూడండి. సెల్లు 3 వోల్టులది, మల్టీమీటర్ 2.7 కంటే తక్కువ చూపితే నేను మార్చేస్తాను. సముద్రం చేరువలోని మన ఊళ్లలో గాలిలో ఉప్పుతేమ ఎక్కువ కాబట్టి, సెల్లును పట్టి ఉంచే రేకు కూడా చూడండి. మాది పచ్చగా చిలుము పట్టి ఉంది, కొత్త సెల్లు వేసినా ఆ రేకు గీకేదాకా ఫలితం కనిపించలేదు.

ఈ రెంటికీ ఉన్న లంకె ఏమిటంటే, క్రోనీ కాన్ఫిగరేషన్‌లో ఆర్‌టీసీసింక్ అన్న వరుస ఉండి, సమయం సరిగ్గా అందుతూ ఉంటే లినక్స్ కెర్నెల్ సుమారు 11 నిమిషాలకొకసారి మదర్‌బోర్డు గడియారాన్ని కూడా సరిచేస్తుంది. నెట్‌వర్క్ నుంచి సమయమే రానప్పుడు ఆ గడియారాన్ని దిద్దేవారు ఉండరు. సెల్లు బాగున్నా అది మెల్లగా పక్కకు జరుగుతూనే ఉంటుంది.

సర్వర్ల విషయానికొస్తే, భారతీయ ప్రామాణిక కాలాన్ని నిర్వహించేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దాని సర్వర్లను గానీ, ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్‌ఐసీ సర్వర్లను గానీ, లేదా వాటి సమయాన్నే ఆధారంగా తీసుకునే సర్వర్లను గానీ వాడాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. క్రోనీ చేసే పనే చేసే పాత ప్రోగ్రాము ఎన్‌టీపీడీ కూడా మిగిలిపోయి ఉంటే దాన్ని తీసేయండి, ఒకే గడియారాన్ని ఇద్దరు తిప్పకూడదు.

చివరిగా ఒక జాగ్రత్త. మొదటి మూడు సవరణలలోపు ఒక సెకను మించిన తేడా ఉంటే గడియారాన్ని ఒక్కసారిగా జరపమనే మేక్‌స్టెప్ 1 3 అన్న వరుస డెబియన్‌లో ముందే ఉంటుంది. ఆ మూడూ అయిపోయాక పెద్ద తేడా వస్తే క్రోనీ మెల్లగానే దిద్దుతుంది; దాని గరిష్ఠ వేగంతోనైనా గంట తేడాకు సుమారు 12 గంటలు పడుతుంది. అప్పుడు క్రోనీసీ మేక్‌స్టెప్ అని మీరే ఆదేశించవచ్చు గానీ, గడియారం వెనక్కి జరగవలసి ఉంటే ముందు రసీదుల ప్రోగ్రామునూ డేటాబేసునూ ఆపండి. లేకుంటే తర్వాత తూచిన లారీకి ముందు తూచిన లారీ కంటే ముందరి సమయం పడి, రైతుకు లెక్క చెప్పడం మీకే కష్టమవుతుంది.