కొరత ఉందని ఒప్పుకునే వాదించు

అమ్మలూ,

మూట్ కోర్టుకి, అదే మీ లా కాలేజీ వాదనల పోటీకి, రాసిన మెమోరియల్ (వాదనల పత్రం) చదివాను. నీకు రేడియో స్టేషన్ తరఫు వచ్చింది కదా అని ఫ్రీక్వెన్సీలకు కొరతే లేదని మొదటి పేజీలోనే కొట్టిపారేశావు, అది తీసెయ్. హైదరాబాద్‌లో ఎఫ్ఎం తిప్పి చూడు, 92.7 తర్వాత 93.5, మధ్యలో ఆ ఖాళీ వదలకపోతే ఒకదాని మీద ఒకటి పడి రెండూ వినపడవు. అమెరికాలో 1926లో జెనిత్ అనే రేడియో కంపెనీ కేసులో, ఫలానా ఫ్రీక్వెన్సీలోనే ఉండమని కట్టడి చేసే అధికారం వాణిజ్య మంత్రికి లేదని కోర్టు అనేసరికి ఎవరికి తోచిన చోట వాళ్లు మోగించారు, ఆ గోల భరించలేక మరుసటి ఏడే రేడియో చట్టం తెచ్చుకున్నారు.

అందుకని లైసెన్సు ఉండాలని నువ్వే ముందు ఒప్పుకో. ఆ తర్వాత అడుగు, కొరత పేరు చెప్పి ఎంతదాకా వెళ్లొచ్చని. కాలువ నీళ్లకు వంతులు పెట్టే లస్కరు చేలో ఏం వెయ్యాలో చెప్పడు కదా! మన ప్రైవేటు ఎఫ్ఎంలు సినిమా కబుర్లు ఎన్నైనా చెప్పొచ్చు, వార్తలు మాత్రం ఆకాశవాణివే వినిపించాలి. సొంత వార్తలు చదివితే ఫ్రీక్వెన్సీ ఏమన్నా ఎక్కువ ఖర్చవుతుందా? నీ కేసంతా ఇక్కడే ఉంది, టైమ్ ఇక్కడే పెట్టు.

అమెరికా సుప్రీంకోర్టు 1969లో ఇచ్చిన రెడ్ లయన్ తీర్పు అవతలివాళ్లు ఎలాగూ తెస్తారు. రేడియోలో తిట్లు తిన్న రచయితకు జవాబు చెప్పుకోడానికి స్టేషన్ ఉచితంగా సమయం ఇవ్వాల్సిందే అన్నారు అందులో. 1974లో టోర్నిలో కేసులో, పత్రికలు అలాంటి జవాబు వెయ్యాలన్న ఫ్లోరిడా చట్టాన్ని అదే సుప్రీంకోర్టు కొట్టేసింది, తమాషా ఏంటంటే అందులో రెడ్ లయన్ ఊసే లేదు.

మన సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ తీర్పు మాత్రం మొత్తం చదువు, రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అన్న ముక్క ఒక్కటీ ఎత్తి రాసుకుంటే చాలదు. మన జస్టిస్ జీవన్ రెడ్డి గారు ప్రసారాలు ప్రజల అదుపులో ఉండాలి, ప్రజలంటే ప్రభుత్వం కాదని విడమర్చి చెప్పారు. సొంత స్టేషన్ పెట్టుకోవడం ప్రాథమిక హక్కు కాదని కూడా ఆయనే అన్నారు, అది దాచావో బెంచి అక్కడే పట్టుకుంటుంది.

శాటిలైట్, ఇంటర్నెట్ వచ్చాక కొరతేంటని అడిగితే టెన్షన్ పడకు. ఆ బెంగాల్ కేసుకి మూలమైన హీరో కప్ క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారానికి వాడాలనుకున్నది విదేశీ శాటిలైట్, అక్కడ ప్రభుత్వం చెప్పిన కొరత వాదన కోర్టులో నిలబడలేదు.

ఆదివారంలోపు మళ్లీ రాసి పంపు. పేజీలు మించితే ముందు జెనిత్ సంగతి తీసెయ్.

పెదనాన్న